మోల్స్ నుంచి అణువుల సంఖ్య: ఎప్పుడు గుణించాలి, ఎప్పుడు భాగించాలి, 22.4 ఎక్కడ వాడాలి?

పుత్తూరు_బైపీసీ అడిగిన ప్రశ్న:

నమస్కారం సార్. ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ, నీట్‌కి తయారవుతున్నాను. స్టాయికియోమెట్రీలో (పదార్థాల పరిమాణాల లెక్కల్లో) మోల్స్‌ని అణువుల సంఖ్యగా మార్చే బిట్లు సగానికి సగం తప్పు పోతున్నాయి. సూత్రాలన్నీ నోటికి వచ్చు. ఏది ఎక్కడ వాడాలో మాత్రం తెలియడం లేదు. నిన్న చేసిన అయిదు లెక్కలు కింద పెడుతున్నాను. ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి.

1. 0.25 మోల్ కార్బన్ డయాక్సైడ్‌లో అణువులెన్ని? నేను 0.25 ని 44 తో గుణించి 11 తెచ్చాను. దాన్ని మళ్లీ 6.022 × 10²³ తో గుణిస్తే 6.62 × 10²⁴ వచ్చింది. కీలో 1.5 × 10²³ ఉంది.

2. ఎస్‌టీపీ (ప్రమాణ ఉష్ణోగ్రత, పీడనం) వద్ద 11.2 లీటర్ల ఆక్సిజన్‌లో పరమాణువులెన్ని? నాకు 3.011 × 10²³ వచ్చింది. కీలో 6.022 × 10²³ అని ఉంది.

3. 9 మిల్లీలీటర్ల నీటిలో అణువులెన్ని? 9 ని 22400 తో భాగించి చేశాను, 2.42 × 10²⁰ వచ్చింది. కీ 3.011 × 10²³.

4. 34.2 గ్రాముల చక్కెరలో హైడ్రోజన్ పరమాణువులెన్ని? నాకు 6.022 × 10²² వచ్చింది. కీ 1.325 × 10²⁴.

5. 5.85 గ్రాముల ఉప్పులో అణువులెన్ని? నాకు 6.022 × 10²² వచ్చింది, కీలో కూడా అదే ఉంది. కానీ ఉప్పులో అణువులే ఉండవని క్లాసులో చెప్పారు. మరి ఈ బిట్టు ఎలా ఇచ్చారు?

ఇంకొక సంగతి. ఇంట్లో కాలిక్యులేటర్ మీద చేస్తే ఒక్కోసారి జవాబు సరిగ్గా పదింతలు వస్తోంది. స్టెప్పులన్నీ సరిగానే ఉంటాయి.


తిరుపతి_రసాయనం ఇచ్చిన సమాధానం:

నీకు సూత్రాలు వచ్చు అమ్మా. ప్రశ్నలో ఇచ్చిన అంకె పక్కన ఏ ప్రమాణం ఉందో చూడకుండా లెక్క మొదలుపెడుతున్నావు, తేడా అక్కడే వస్తోంది. ఆ అంకె గ్రాముల్లో ఉందా, లీటర్లలో ఉందా, మోల్స్‌లో ఉందా అన్నది ముందు చూడు. ఆ తరువాత ప్రశ్న చివరి మాట చూడు: అణువులా, పరమాణువులా, అయాన్లా? పెన్ను ఈ రెండూ చూశాకే కదలాలి.

మొదటి లెక్క తీసుకో. ఇచ్చింది 0.25 మోల్. మోల్ అంటేనే ఒక లెక్క. డజను అంటే 12 అయినట్టే, మోల్ అంటే 6.022 × 10²³. దీన్నే అవగాడ్రో సంఖ్య అంటాం. పావు డజను అరటిపళ్లు ఎన్ని అని అడిగితే పండు బరువు అడగవు కదా, 12 ని పావుతో గుణిస్తావు. ఇక్కడా అంతే:

0.25 మోల్ × మోల్‌కి 6.022 × 10²³ అణువులు = 1.5055 × 10²³ అణువులు.

44 అన్నది కార్బన్ డయాక్సైడ్ మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ బరువు గ్రాముల్లో. దానికి ఇందులో చోటే లేదు. 0.25 ని 44 తో గుణించినప్పుడు నీకు వచ్చినది 11 గ్రాములు. దాని పక్కన "గ్రాములు" అని రాసి ఉంటే, గ్రాములను అవగాడ్రో సంఖ్యతో గుణించడానికి చెయ్యి వచ్చేది కాదు. ఉత్త 11 అని రాశావు కాబట్టి అది మోల్స్‌లాగా కనబడింది. 11 గ్రాముల వాయువు నీ లెక్కలో 11 మోల్స్ అయింది, అంటే 484 గ్రాములు. జవాబు సరిగ్గా 44 రెట్లు పెరిగిపోవడానికి కారణం ఇదే. అందుకే ప్రతి అంకె పక్కన ప్రమాణం రాయి. పైన మోల్, కింద మోల్ కొట్టివేసుకుపోయి చివరికి "అణువులు" ఒక్కటే మిగలాలి. అలా మిగలకపోతే స్టెప్ తప్పింది.

ఇంకో పరీక్ష కూడా ఉంది, దీనికి కాగితం కూడా అక్కర్లేదు. ఇచ్చినది ఒక మోల్ కంటే తక్కువైతే అణువుల సంఖ్య 6.022 × 10²³ కంటే తక్కువే రావాలి. పావు మోల్‌కి 10²⁴ వచ్చిందంటే కీ చూడాల్సిన పని లేదు, అప్పుడే తిరిగి చెయ్యాలి. ఈ పరీక్ష అణువులకే సుమా. పరమాణువులు అడిగితే ఒక మోల్ లోపు ఉన్నా 10²⁴ దాటవచ్చు, నీ నాలుగో లెక్కలో అదే జరిగింది.

మరి 44 ఎప్పుడు కావాలి? ప్రశ్న గ్రాముల్లో ఇచ్చినప్పుడు. ఒకే రకం నాణేలను వేరు చేసి తూస్తే, ఒక్కొక్కటీ ఏరకుండానే ఎన్ని ఉన్నాయో చెప్పవచ్చు. దానికి ఒక్క నాణెం బరువు తెలిసి ఉండాలి. మోలార్ ద్రవ్యరాశి చేసే పని అదే. గ్రాములను దానితో భాగిస్తే మోల్స్ వస్తాయి, మోల్స్‌ని అవగాడ్రో సంఖ్యతో గుణిస్తే అణువులు వస్తాయి. వెనక్కి రావాలంటే ఇదే దారి తిరగెయ్యాలి: అణువులను అవగాడ్రో సంఖ్యతో భాగిస్తే మోల్స్, మోల్స్‌ని మోలార్ ద్రవ్యరాశితో గుణిస్తే గ్రాములు. ఎటు నుంచి ఎటు వెళ్లాలన్నా మోల్ దగ్గర ఆగాల్సిందే. గ్రాముల నుంచి అణువులకు నేరుగా దూకే అడ్డదారి సూత్రం కంఠస్థం చేస్తే పరీక్షలో అది తలకిందులుగా గుర్తొస్తుంది.

రెండో లెక్కలో నీ పని మూడొంతులు సరిగానే ఉంది. ఎస్‌టీపీ వద్ద ఒక మోల్ వాయువు 22.4 లీటర్లు, కాబట్టి 11.2 లీటర్లను 22.4 తో భాగిస్తే 0.5 మోల్. అందులో అణువులు 3.011 × 10²³. నువ్వు అక్కడ ఆగిపోయావు. అడిగింది పరమాణువులు. ఆక్సిజన్ అణువులో పరమాణువులు రెండు, కాబట్టి 2 × 3.011 × 10²³ = 6.022 × 10²³. హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్, క్లోరిన్ ఇవన్నీ ద్విపరమాణుక వాయువులు. ఓజోన్‌లో మూడు. తెల్ల భాస్వరంలో నాలుగు, మామూలు గంధకంలో ఎనిమిది. హీలియం, నియాన్, ఆర్గాన్‌లలో అణువూ పరమాణువూ ఒకటే, అక్కడ దేనితోనూ గుణించనక్కర్లేదు.

మన తెలుగులో ఇంకో చిక్కు ఉంది. మామూలు మాటల్లో "అణువు" అంటే అతి చిన్నదేదైనా. అణుబాంబు, అణుశక్తి అంటాం, అక్కడ అసలు సంగతి పరమాణు కేంద్రకానిది. రసాయనశాస్త్రంలో అణువు వేరు, పరమాణువు వేరు. తెలుగు మీడియం పేపరులో "పర" అనే రెండు అక్షరాలు కంటికి ఆనకపోతే జవాబు సగమైపోతుంది. ఆ మాట కింద గీత గీసుకునే అలవాటు చేసుకో.

మూడో లెక్క. నీరు ద్రవం. 22.4 లీటర్లు అన్నది వాయువులకే. వాయువులో అణువులు దూరం దూరంగా ఉంటాయి కాబట్టి ఏ వాయువైనా ఒక మోల్ ఇంచుమించు ఒకే చోటు ఆక్రమిస్తుంది. ద్రవంలో అణువులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, ఒక్కో ద్రవానికి ఒక్కో లెక్క. ద్రవం మిల్లీలీటర్లలో ఇస్తే సాంద్రతతో గుణించి గ్రాములు చేసుకోవాలి. నీటి సాంద్రత మిల్లీలీటరుకి 1 గ్రాము, కాబట్టి 9 మిల్లీలీటర్లు 9 గ్రాములు, దాన్ని నీటి మోలార్ ద్రవ్యరాశి 18 తో భాగిస్తే 0.5 మోల్, అణువులు 3.011 × 10²³. నీకు వెయ్యి రెట్లకు పైగా తగ్గిపోవడానికి కారణం, 18 మిల్లీలీటర్లలో సరిపోయే అణువులను 22,400 మిల్లీలీటర్లలో పరిచేశావు. ఇథనాల్ అయితే సాంద్రత సుమారు 0.79, దాన్ని 1 అనుకుంటే మళ్లీ తప్పు.

నాలుగోది. చక్కెర అణువులో కార్బన్ 12, హైడ్రోజన్ 22, ఆక్సిజన్ 11. మోలార్ ద్రవ్యరాశి 144 + 22 + 176 = 342. 34.2 గ్రాములంటే 0.1 మోల్, అంటే 6.022 × 10²² అణువులు. హైడ్రోజన్ కోసం 22 తో గుణించాలి: 1.325 × 10²⁴. మొత్తం పరమాణువులు అడిగితే 12 + 22 + 11 = 45 తో గుణించాలి, 2.71 × 10²⁴ వస్తుంది. ఈ గుణకారం చివరి స్టెప్‌గా మాత్రమే చెయ్యి. మధ్యలో చేసి, చివర్లో మరచిపోయి ఇంకోసారి చేసేవాళ్లు చాలామంది.

అయిదోది నువ్వు పట్టుకున్నది సరైనదే, క్లాసులో చెప్పిందీ సరైనదే. ఘన ఉప్పులో సోడియం, క్లోరైడ్ అయాన్లు వరుసలుగా పేర్చి ఉంటాయి. "ఈ సోడియం ఈ క్లోరైడ్‌ది" అని జంట విడదీసి చూపించలేం. అందుకని అక్కడ లెక్కపెట్టేది ఫార్ములా యూనిట్లను. 5.85 ని 58.5 తో భాగిస్తే 0.1 మోల్, 6.022 × 10²² ఫార్ములా యూనిట్లు. సోడియం అయాన్లు కూడా అన్నే, మొత్తం అయాన్లు రెండింతలు, 1.204 × 10²³. బిట్టులో "అణువులు" అని రాశారంటే అది వాడుక మాట, జవాబు ఫార్ములా యూనిట్ల సంఖ్యే పెట్టు. కాల్షియం క్లోరైడ్ అయితే ఒక్కో యూనిట్‌కి మూడు అయాన్లు. అక్కడ మొత్తం అయాన్లకు 3, క్లోరైడ్ ఒక్కదానికే అయితే 2.

"ఒక మోల్ నైట్రోజన్" అని మాత్రమే ఇచ్చి వదిలేసిన ప్రశ్నలు కనబడతాయి. అది అసంపూర్ణమైన ప్రశ్న. నైట్రోజన్ అణువులు ఒక మోలా, నైట్రోజన్ పరమాణువులు ఒక మోలా అన్నది చెప్పాలి. చెప్పకపోతే వాయువు అనుకుని అణువులకే తీసుకో.


చంద్రగిరి_గణితం ఇచ్చిన సమాధానం:

పైన సార్ రసాయనం అంతా చెప్పేశారు. నేను ఘాతాల సంగతి, కాలిక్యులేటర్ సంగతి చెబుతాను.

జవాబు పదింతలు రావడానికి దాదాపు ఒకటే కారణం. సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో "ఎక్స్‌ప్" అని రాసి ఉండే మీట అర్థమే "ఇంటూ పది టు ది పవర్" అని. నువ్వు 6.022, ఇంటూ, 10, ఎక్స్‌ప్, 23 అని నొక్కితే అది 6.022 × 10 × 10²³ గా తీసుకుంటుంది. ఒక పది ఎక్కువైపోయింది. 6.022, ఎక్స్‌ప్, 23 అని మాత్రమే నొక్కాలి. కొన్ని మోడళ్లలో ఆ మీట మీద "ఈఈ" అనో "×10" పైన చిన్న గడితోనో ఉంటుంది, పని అదే.

దీనికంటే పెద్ద తప్పు భాగహారంలో జరుగుతుంది. 3.011 × 10²² అణువులు ఎన్ని మోల్స్ అన్నది లెక్క అనుకో. 3.011 × 10^22 ÷ 6.022 × 10^23 అని వరుసగా నొక్కితే కాలిక్యులేటర్ ఎడమ నుంచి కుడికి చేసుకుపోతుంది. 6.022 తో భాగించి, 10²³ తో మాత్రం గుణించేస్తుంది. రావాల్సింది 0.05, వచ్చేది 5 × 10⁴⁴. కింది సంఖ్య మొత్తాన్ని బ్రాకెట్‌లో పెట్టు. ఎక్స్‌ప్ మీట వాడితే బ్రాకెట్ అక్కర్లేదు, ఎందుకంటే 6.022 ఎక్స్‌ప్ 23 ని అది ఒకే సంఖ్యగా చూస్తుంది.

అయితే నీట్‌లో కాలిక్యులేటర్ ఉండదు. కాబట్టి చేత్తో చెయ్యడమే అలవాటు కావాలి. పద్ధతి ఇది: అంకెలు ఒక పక్క, పదులు ఒక పక్క. 2.5 × 10⁻³ మోల్ ఇస్తే, 2.5 × 6.022 = 15.055 ఒక పక్క, ఘాతాలు −3 + 23 = 20 ఇంకో పక్క. 15.055 × 10²⁰. ఇప్పుడు దశాంశ బిందువును ఒక స్థానం ఎడమకు జరిపితే అంకె చిన్నదవుతుంది, కాబట్టి ఘాతం ఒకటి పెరగాలి: 1.5055 × 10²¹. ఇక్కడే చాలామంది 10¹⁹ అని రాసేస్తారు. ఒకటి తగ్గితే ఇంకొకటి పెరగాలి, లేకపోతే సంఖ్య విలువే మారిపోతుంది. ఎడమా కుడీ గుర్తు పెట్టుకోవడం కంటే ఇది సులభం.

భాగహారంలో ఘాతాలు తీసివెయ్యాలి: 22 − 23 = −1. 3.011 ÷ 6.022 = 0.5. 0.5 × 10⁻¹ = 0.05 మోల్.

బిట్లలో నాలుగు ఆప్షన్లూ దూరం దూరంగా ఉంటే 6.022 బదులు 6 వేసుకో, సమయం మిగులుతుంది. తేడా వందకు అర కంటే తక్కువ. కానీ ఆప్షన్లలో 1.50, 1.51 పక్కపక్కన ఉంటే అలా చెయ్యకూడదు. పోల్చే ప్రశ్నలైతే, అంటే "కింది వాటిలో దేనిలో అణువులు ఎక్కువ" అన్నప్పుడు, అవగాడ్రో సంఖ్యను అసలు ముట్టుకోవద్దు. మోల్స్ పోలిస్తే చాలు. 4 గ్రాముల హైడ్రోజన్ 2 మోల్స్, 32 గ్రాముల ఆక్సిజన్ 1 మోల్, 22 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ 0.5 మోల్. హైడ్రోజన్‌దే ఎక్కువ. బరువు తక్కువ ఉన్నదే లెక్కలో పైకి వచ్చింది చూడు.


నీళ్ల_ల్యాబ్_చిత్తూరు ఇచ్చిన సమాధానం:

పుస్తకం లెక్కల్లో పదార్థం ఎప్పుడూ స్వచ్ఛంగా ఉంటుంది. సీసాలో ఉన్న పదార్థం అలా ఉండదు. ప్రాక్టికల్స్‌లోనూ బయటా ఈ మార్పిడి ఎక్కడ తప్పుతుందో చెబుతాను.

మొదటిది స్ఫటిక జలం. ప్రాక్టికల్స్‌లో వాడే ఆక్జాలిక్ ఆమ్లం స్ఫటికాల్లో ఒక్కో అణువు వెంట రెండు నీటి అణువులు ఉంటాయి. మోలార్ ద్రవ్యరాశి 90 + 36 = 126. 0.05 మోలార్ ద్రావణం (లీటరుకి 0.05 మోల్ ఉన్నది) 250 మిల్లీలీటర్లు కావాలంటే 0.05 × 0.25 = 0.0125 మోల్. బరువు 0.0125 × 126 = 1.575 గ్రాములు. అందులో ఆమ్లం అణువులు 0.0125 × 6.022 × 10²³ = 7.53 × 10²¹. నీటిని మరచిపోయి 90 వేసుకుంటే 1.125 గ్రాములు తూస్తావు. సీసాలో ఉన్నది మాత్రం 126 రకమే కాబట్టి వచ్చేది 0.00893 మోల్. కావాల్సిన దానికి 28 శాతం పైగా తక్కువ. అంశమాపనం (టైట్రేషన్) ఎంత జాగ్రత్తగా చేసినా ఆ తప్పు చివరి దాకా వెంట వస్తుంది. సీసా లేబుల్ మీద అణుభారం ముద్రించి ఉంటుంది, పుస్తకం కంటే ముందు అది చూడాలి.

మన జిల్లాలో మామిడి తోటలకు బోర్డో మిశ్రమం అనే తెగుళ్ల మందు కలిపేవాళ్లకు మైలుతుత్తం తెలుసు. అదే కాపర్ సల్ఫేట్, ఒక్కో యూనిట్ వెంట అయిదు నీటి అణువులు. 63.5 + 32 + 64 + 90 = 249.5. ఒక శాతం మిశ్రమానికి 100 లీటర్లకు కిలో మైలుతుత్తం వేస్తారు. 1000 ని 249.5 తో భాగిస్తే సుమారు 4 మోల్స్, అంటే 2.41 × 10²⁴ రాగి అయాన్లు. నీరు లేని కాపర్ సల్ఫేట్ లెక్క 159.5 వేస్తే 6.27 మోల్స్ అని వస్తుంది, ఒకటిన్నర రెట్లు పైన. ఒకటి గుర్తుంచుకో: నీలంగా ఉందంటే నీరు ఉన్నట్టే. నీరు పూర్తిగా పోయిన కాపర్ సల్ఫేట్ తెల్లగా ఉంటుంది.

రెండోది ద్రావణాలు. మోలారిటీ (లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్) ఇచ్చినప్పుడు ఘనపరిమాణం లీటర్లలోకి మార్చాలి. 250 ని అలాగే పెట్టి 0.1 తో గుణిస్తే 25 మోల్స్ వస్తాయి, నిజానికి 0.025. ఇది కూడా పైన సార్ చెప్పిన ప్రమాణాల పద్ధతిలో వెంటనే బయటపడుతుంది.

మూడోది నీటిలో ఫ్లోరైడ్. బోరు నీళ్ల రిపోర్టుల్లో మిల్లీగ్రాములు లీటరుకి అని ఇస్తారు. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాకా అంగీకారం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతి. 1.5 మిల్లీగ్రాముల్లో ఎన్ని అయాన్లున్నాయో చూద్దాం. ముందు మిల్లీగ్రాములను గ్రాములు చెయ్యాలి: 1.5 × 10⁻³. ఫ్లోరిన్ 19. ఇక్కడ చాలామంది 38 తో భాగిస్తారు, ఫ్లోరిన్ వాయువు ద్విపరమాణుకం అని. నీటిలో ఉన్నది వాయువు కాదు, ఫ్లోరైడ్ అయాను, ఒంటరిది. 19 తోనే భాగించాలి. 7.89 × 10⁻⁵ మోల్, అంటే లీటరుకి 4.75 × 10¹⁹ అయాన్లు.

ఈ సంఖ్య చూసి భయపడేవాళ్లున్నారు. అదే లీటరు నీటిలో నీటి అణువులు 1000 ÷ 18 = 55.5 మోల్స్, అంటే 3.34 × 10²⁵. రెంటినీ భాగిస్తే, సుమారు ఏడు లక్షల నీటి అణువులకు ఒక ఫ్లోరైడ్ అయాను. అంత పలచగా ఉన్నదే ఏళ్ల తరబడి హద్దు దాటి తాగితే పళ్లకూ ఎముకలకూ నష్టం చేస్తుంది. సంఖ్య పెద్దదా చిన్నదా అన్నది దేనితో పోలుస్తున్నామన్న దాని మీద ఉంటుంది కాబట్టి, ఇలాంటి చోట నేను మోల్స్‌లోనే మాట్లాడమంటాను.


పుత్తూరు_బైపీసీ:

చాలా థ్యాంక్స్ సార్, అందరికీ. ఎక్స్‌ప్ మీట దగ్గరే తప్పు, ఇప్పుడు సరిగ్గా వస్తోంది. ఇంకో రెండు సందేహాలు. ఒక పుస్తకంలో ఎస్‌టీపీ వద్ద 22.4 అని, ఇంకో దాంట్లో 22.7 అని ఉంది. పాత గైడులో 6.023 అని, కొత్తదాంట్లో 6.022 అని ఉంది. ఏది వెయ్యాలి?

ఒక లెక్క సొంతంగా చేశాను, చూడండి. పచ్చకర్పూరం 1 గ్రాము. అణువులో కార్బన్ 10, హైడ్రోజన్ 16, ఆక్సిజన్ 1. మోలార్ ద్రవ్యరాశి 120 + 16 + 16 = 152. మోల్స్ 1 ÷ 152 = 0.006579. అణువులు 3.96 × 10²¹. మొత్తం పరమాణువులు 26 తో గుణించి 1.03 × 10²³.


తిరుపతి_రసాయనం:

22.4 కీ 22.7 కీ తేడా పీడనంలో ఉంది. 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ వద్ద ఒక మోల్ ఆదర్శ వాయువు 22.414 లీటర్లు. 1982 లో అంతర్జాతీయ రసాయన సంఘం ప్రమాణ పీడనాన్ని 1 బార్‌కి మార్చింది. బార్ అన్నది అట్మాస్ఫియర్ కంటే కొంచెం తక్కువ, కాబట్టి వాయువు కొంచెం ఎక్కువ చోటు తీసుకుంటుంది, 22.711 లీటర్లు. ప్రశ్నలో పీడనం ఇస్తే దాన్ని బట్టి వెయ్యి. ఇవ్వకపోతే ఇచ్చిన ఘనపరిమాణం చూడు: 11.2, 5.6, 2.24 లాంటి అంకెలిచ్చారంటే ప్రశ్న రాసినవారు 22.4 తోనే రాశారు. రెంటి మధ్య తేడా 1.3 శాతం.

అసలు ప్రమాదం ఈ 1.3 శాతంలో లేదు, "ఎస్‌టీపీ వద్ద" అన్న మాట లేకపోయినా 22.4 వేసెయ్యడంలో ఉంది. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలనుకో. ఒక మోల్ వాయువు ఘనపరిమాణం 22.414 × 313 ÷ 273 = 25.7 లీటర్లు. అదే 11.2 లీటర్ల ఆక్సిజన్ అప్పుడు 0.5 మోల్ కాదు, 0.436 మోల్. అణువులు 2.62 × 10²³. కొండ మీద తిరుమలలో గాలి పీడనం కింద కంటే సుమారు పదో వంతు తక్కువ, అక్కడ ఇంకా మారుతుంది. ఉష్ణోగ్రత, పీడనం ఇచ్చిన ప్రతి లెక్కలో ఆదర్శ వాయు సమీకరణంతో (PV = nRT) మోల్స్ తెచ్చుకో. ఉష్ణోగ్రత కెల్విన్‌లో వెయ్యడం మరవకు. 40 అని అలాగే వేస్తే జవాబు ఏడు రెట్లకు పైగా చెడుతుంది.

6.023 పాత కొలతల నాటిది. అవగాడ్రో 1811 లో చెప్పింది ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం వద్ద సమాన ఘనపరిమాణాల వాయువుల్లో అణువులు సమానమని మాత్రమే. ఈ సంఖ్యను ఆయన కొలవలేదు. దానికి ఆయన పేరు పెట్టినవాడు జాఁ పెర్రాఁ, 1909 లో. చాలాకాలం మోల్‌కి నిర్వచనం 12 గ్రాముల కార్బన్-12 మీద ఉండేది, కాబట్టి ఈ సంఖ్యను ప్రయోగం చేసి కొలవాల్సి వచ్చేది, కొలత మెరుగైన కొద్దీ చివరి అంకెలు మారేవి. 2019 మే 20 నుంచి మోల్ అంటే సరిగ్గా 6.02214076 × 10²³ కణాలు అని స్థిరపరిచారు. ఇక అది మారదు. నువ్వు 6.022 వెయ్యి.

కర్పూరం లెక్క బాగా చేశావు. స్టెప్పులు, ప్రమాణాలు అన్నీ సరే. చివర్లో 10 + 16 + 1 = 27, నువ్వు 26 వేశావు. ఫార్ములాలో ఆక్సిజన్ పక్కన అంకె లేదు కాబట్టి కూడికలో జారిపోయింది. అంకె లేకపోతే ఒకటి అని అర్థం. 27 × 3.96 × 10²¹ = 1.07 × 10²³. ఇంకొకటి, నువ్వు తీసుకున్న 1 గ్రాముకు ఒకటే సార్థక అంకె (కొలతలో నమ్మదగిన అంకె). త్రాసు మీద 1.00 అని చూపిస్తే 3.96 అని రాయవచ్చు. ఉత్త 1 అయితే 4 × 10²¹ అనే రాయాలి. బిట్లలో దీన్ని పట్టించుకోరు, ప్రాక్టికల్ రికార్డులో మాత్రం పట్టించుకుంటారు.


పుత్తూరు_బైపీసీ:

27 సార్, చూసుకున్నాను. కార్బన్ పరమాణువులు మాత్రమే అయితే 3.96 × 10²² కదా? ఇప్పుడు 40 డిగ్రీల దగ్గర 5.6 లీటర్ల నైట్రోజన్, 1 అట్మాస్ఫియర్ లెక్క చేశాను. 5.6 ÷ 25.7 = 0.218 మోల్, అణువులు 1.31 × 10²³, పరమాణువులు 2.62 × 10²³.


తిరుపతి_రసాయనం:

రెండూ సరే అమ్మా.